పందొమ్మిదవ శతాబ్దపు నమూనా నాణేన్ని పరీక్షించే పద్ధతి

చెన్నైలో తాతల నాటి పెట్టెలోంచి 1835 నాటి, బ్రిటిష్ రాజు నాలుగవ విలియం పేరిట వచ్చిన రూపాయి బయటపడి, అది చలామణికి ముందు అచ్చు సరిచూసుకోవడానికి టంకశాల కొట్టిన అరుదైన నమూనా అని ఎవరైనా అంటే, దాన్ని చింతపండుతో తోమకుండా, అంచులు పట్టుకుని ముందు తూకం వేయాలి. చలామణి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు, నమూనాలను వేరే లోహాల్లోనూ కొట్టేవారు కనుక తేడా ఉన్నంత మాత్రాన నకిలీ అని తేల్చకూడదు. భూతద్దంతో చూసినప్పుడు అంచు వెంబడి అతుకు గీత గానీ, అక్షరాల చుట్టూ సూదిమొనంత గుంటలు గానీ కనిపిస్తే అచ్చుతో కొట్టినది కాక, పోత పోసిన నకిలీ అని అనుమానించాలి.

అసలు చిక్కు మరొకటి: కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులతోనే తర్వాతి కాలంలో సేకరణకర్తల కోసం నాణేలు మళ్లీ కొట్టాయి, వాటి మెరుపు అనుభవజ్ఞులనూ బోల్తా కొట్టిస్తుంది. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలోని నాణేలను చూసి కన్ను అలవాటు చేసుకున్నాకే బేరమాడటం మంచిది.