మూడు చప్పట్లలో ఇంగ్లీషు క్రియలు

పిల్లలు ఇంగ్లీషు క్రియల మూడు రూపాలను అక్షరక్రమంలో బట్టీ పడుతుంటే నాకు బాధగా ఉంటుంది. అలా కాకుండా, ధ్వని కలిసేవాటిని ఒకచోట చేర్చి, చెమ్మచెక్క ఆడినట్టు చప్పట్లతో పాడించండి.

చెన్నైలో తాంబరం నుంచి మాంబలం వెళ్లే లోకల్ రైల్లో మా పాపకు నేను ఇలాగే నేర్పాను. రింగ్–ర్యాంగ్–రంగ్, డ్రింక్–డ్ర్యాంక్–డ్రంక్, స్విమ్–స్వ్యామ్–స్వమ్. మాట మాటకూ ఒక చప్పట్టు. మధ్యలో అచ్చు మారుతున్న తీరు మన గుణింతంలా చెవికి పట్టేస్తుంది. బిగిన్ కూడా ఈ వరుసలోనిదే. మూడు రూపాలూ మారని కట్, పుట్, హిట్, షట్‌లకు మరో పాట చాలు.

ఒక్క జాగ్రత్త. ఈ ఊపులో పిల్లలు బ్రింగ్‌ను కూడా ‘బ్ర్యాంగ్’ అనేస్తారు. అది బ్రింగ్–బ్రాట్–బ్రాట్. థింక్–థాట్–థాట్ దానికి జత. ఈ రెంటినీ విడిగా, వేరే రాగంలో పాడించండి. మొదటి పాట బాగా నిలిచాకే ఇది మొదలుపెట్టాలి, రెండూ ఒకే రోజు వద్దు. అర్థం తెలియడానికి ప్రతి క్రియకూ నిన్న జరిగిన పనితో ఒక చిన్న వాక్యం పాప చేతే చెప్పిస్తాను.