వానలకు ముందు పచ్చిక బండి: డిజైన్ బల్ల మీదే తీసుకోవలసిన జాగ్రత్తలు

గోల్ఫ్ మైదానాల్లో, ఆటస్థలాల్లో ఇసుక, ఎరువు, పనిముట్లు మోసే చిన్న యుటిలిటీ బండ్లు ఎండాకాలంలో అన్నీ బాగానే కనిపిస్తాయి. నేల గట్టిగా ఉన్నన్నాళ్లూ డిజైన్‌లోని తప్పుల్ని నేలే కాసేస్తుంది. వాన పడ్డాక ఆ మొహమాటం ఉండదు. అప్పుడు ముందుగా పాడయ్యేది బండి కాదు, దాని కింది గడ్డి. ఆ తర్వాత ప్రమాదం డ్రైవర్‌కి. కొత్త మోడల్ గీస్తున్నవాళ్లూ, ఉన్న బండికి తొట్టి, ట్యాంకు బిగించి మార్చుకుంటున్నవాళ్లూ మొదటి వాన లోపే చూసుకోవలసిన సంగతులివి.

ఖాళీ బండి లెక్క పనికిరాదు

చాలా డ్రాయింగుల్లో ఇరుసు బరువులు ఖాళీ బండికే వేసి ఉంటాయి. పచ్చికను నొక్కేది మాత్రం నిండు బండి, అందులోనూ వెనక ఇరుసు. ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. ఖాళీ బరువు 550 కిలోలు: ముందు ఇరుసుపై 230, వెనక 320. ఇద్దరు మనుషులు 160 కిలోలు: ముందుకు 90, వెనక్కు 70. తొట్టిలో సరుకు 350 కిలోలు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 1.8 మీటర్లు. సరుకు బరువు కేంద్రం వెనక ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందుకు ఉంటే, మొత్తం 1,060 కిలోల్లో వెనక ఇరుసుపై 711 పడతాయి. అంటే ఒక్కో వెనక టైరు మీద సుమారు 355 కిలోలు.

టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపుగా దాని గాలి ఒత్తిడికి సమానం. టైరు గోడ బిరుసును బట్టి కొంచెం ఎక్కువే ఉంటుంది. 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలితో ఈ 355 కిలోలు మోయాలంటే టైరు సుమారు 420 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకాలి. అదే 20 పీఎస్ఐ అయితే 250 చాలు, కానీ గడ్డి వేళ్లపై ఒత్తిడి అంతకంత పెరుగుతుంది. కాబట్టి ముందు టైరు ఎంచుకుని తర్వాత గాలి తేల్చడం తలకిందుల పని. మెత్తని నేలకు ఎంత గాలి కావాలో ముందు నిర్ణయించండి. ఆ గాలికి 355 కిలోలు మోయగలదని తయారీదారు పట్టికలో ఉన్న వెడల్పు టైరును ఆ తర్వాత వెతకండి. దొరక్కపోతే సరుకు పరిమితినే తగ్గించాలి, గాలి పెంచకూడదు.

వెడల్పు టైరు అన్నిటికీ మందు కాదు. పైపొర నొక్కుకుపోవడం ఎక్కువగా టైరు ఒత్తిడిని బట్టి ఉంటే, లోతు పొర నొక్కుకుపోవడం ఇరుసు మీది మొత్తం బరువును బట్టి ఉంటుంది. ఇంకో సంగతి పనివాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. నీళ్లు నిలిచిన రోజు పడే గాడి కంటికి కనపడుతుంది, దాన్ని సరిచేస్తారు. నీళ్లు ఇంకి, నేల తేమగా ఉన్న మరుసటి రోజుల్లో మట్టి బాగా నొక్కుకుపోతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. బండిని పచ్చిక మీదికి ఎప్పుడు వదలాలన్నది పైన కనిపించే నీటిని బట్టి కాదు, గుప్పెట్లో మట్టి పిసికి చూసి తేల్చాలి. ముద్ద కట్టి, వేలితో నొక్కినా విడకపోతే నిండు బండి కార్ట్ దారి (బండ్ల కోసం వేసిన గట్టి దారి) మీదే ఉండాలి. గ్రీన్ల (గోల్ఫ్ బంతి గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) మీదికి ఈ బండ్లను ఏ కాలంలోనూ ఎక్కించకూడదు, అది వేరే చెప్పనక్కర్లేదు.

గాలి చూసే గేజ్ కూడా ముఖ్యమే. 0–100 పీఎస్ఐ చూపే మామూలు గేజ్‌లో 10కీ 13కీ తేడా పోల్చడం కష్టం. 0–30 పీఎస్ఐ గేజ్ ఒకటి బండి సామాన్లలోనే ఇవ్వండి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. కుడి ఎడమ టైర్లలో గాలి తేడా ఉంటే వాటి చుట్టుకొలతలు మారి బండి ఒక పక్కకు లాగుతుంది. మరీ తగ్గిస్తే పక్కవాలు మీద టైరు అంచు రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. తయారీదారు చెప్పిన కనిష్ఠానికి కిందికి పోవద్దు.

తొట్టిలో గీత

లోపలి కొలత 1.1 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల లోతు ఉన్న తొట్టి 0.37 ఘనపు మీటర్లు పడుతుంది. తడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,900 కిలోలు. అంచు దాకా నింపితే 700 కిలోలు, అంటే పై ఉదాహరణలోని 350 కిలోల పరిమితికి రెట్టింపు. తొట్టి నిండకుండా ఆపే మనిషి లోకంలో లేడు; సగం ఖాళీగా ఉంటే ఇంకో పార వేయాలనే అనిపిస్తుంది. 350 కిలోల తడి ఇసుక ఈ తొట్టిలో 14 సెంటీమీటర్ల ఎత్తుకే వచ్చేస్తుంది. ఆ ఎత్తులో నాలుగు గోడల మీదా గీత ముద్రించి, ‘తడి ఇసుక ఇక్కడిదాకే’ అని రాయించండి. స్టిక్కర్ అతికిస్తే ఇసుక రాపిడికి నెల తిరక్కుండా పోతుంది. రేకులోనే నొక్కుడు గీత పడితే మంచిది.

సరుకు ఎక్కడ పడుతుందన్నదీ అంతే ముఖ్యం. పై ఉదాహరణలో సరుకు కేంద్రం ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందు కాకుండా 20 సెంటీమీటర్లు వెనక పడితే, ముందు ఇరుసు మీది 349 కిలోలు 281కి దిగుతాయి. చదునులో దాని ప్రభావం తెలియదు. 15 డిగ్రీల ఎత్తు ఎక్కేటప్పుడు, నిండు బండి బరువు కేంద్రం 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ముందు చక్రాలకు మిగిలేది మొత్తంలో 15 శాతం మాత్రమే. సరుకు సరైనచోట ఉంటే 22 శాతం మిగులుతుంది. ముందు 20 శాతానికి తగ్గకూడదన్నది ట్రాక్టర్లకు ఎప్పటినుంచో పాటించే మోటు లెక్క, ఇక్కడా సరిపోతుంది. అంతకు తగ్గితే తడి గడ్డి మీద స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతుంది. తొట్టిని అడ్డంగా విభజించే పలక ఒకటి ఇస్తే బరువైన సరుకును ముందు భాగంలోనే పోయవచ్చు.

మందు పిచికారీ ట్యాంకు పెడితే లోపల అడ్డు పలకలు తప్పనిసరి. నిండు ట్యాంకు కన్నా సగం ట్యాంకు మోసం చేస్తుంది: మలుపులో నీళ్లన్నీ బయటి వైపుకు పోయి, బండి ఒరగాలనుకున్నవైపే నెడతాయి.

వాలు, మలుపు, జారుడు

చక్రాల మధ్య వెడల్పు 1.2 మీటర్లు, బరువు కేంద్రం ఎత్తు 0.75 మీటర్లు అయితే సగం వెడల్పును ఎత్తుతో భాగించగా వచ్చేది 0.8. పక్కకు నెట్టే బలం బండి బరువులో ఇంతకు చేరితే లోపలి చక్రాలు లేస్తాయి. 5 మీటర్ల వ్యాసార్ధం మలుపును 20 కిలోమీటర్ల వేగంతో తిప్పితే 0.63 వస్తుంది. అదే మలుపు 15 డిగ్రీల పక్కవాలు మీద, బండి ముక్కు పైకి తిరిగేటట్టు తీసుకుంటే వాలు వాటా 0.27 కలుస్తుంది: 0.9. బోల్తా. వేగం 12కి దించితే మొత్తం 0.5 దగ్గరే ఆగుతుంది.

తడి గడ్డి మీద అంత పట్టు ఉండదు కదా, ఒరిగేలోపే జారుతుంది కదా అని అడగొచ్చు. నిజమే, జారుతుంది. అసలు చిక్కు అక్కడే: పక్కకు జారుతున్న బండి చక్రం బంకర్ (ఇసుక గుంట) అంచుకో, కార్ట్ దారి గట్టుకో, స్ప్రింక్లర్ గుంతకో తగిలి ఒక్కసారిగా ఆగుతుంది, అప్పుడు పల్టీ కొడుతుంది. జారడాన్ని భద్రతగా లెక్కలో వేయకండి. గోల్ఫ్ కార్లకు అమెరికన్ ప్రమాణం జడ్130.1 చదునులో గంటకు 24 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. సరుకు బండికి అది కూడా వాన రోజుల్లో ఎక్కువే. డ్యాష్‌బోర్డు మీద ‘తడి’ స్విచ్ ఒకటి పెట్టి వేగాన్ని 12 దగ్గర ఆపండి, మోటారు ఊపును కూడా మెల్లగా పెరిగేటట్టు కంట్రోలర్‌లో (మోటారు కరెంటును నియంత్రించే పెట్టె) సెట్ చేయండి. ఆ స్విచ్ తాళంచెవి పర్యవేక్షకుడి దగ్గరే ఉండాలి. బోల్తా రక్షణ ఫ్రేమ్ ఉంటే సీటు బెల్టు కూడా ఉండాలి, వాడాలి. బెల్టు లేకపోతే బండి ఒరిగినప్పుడు మనిషి జారి ఆ ఫ్రేమ్ కిందే పడతాడు.

బ్రేకు: వెనక చక్రాలే నమ్ముకుంటే

చౌక బండ్లలో బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది. 15 డిగ్రీల వాలులో ముక్కు కిందికి పెట్టి నిండు బండిని నిలపాలంటే వెనక టైర్లకు 0.48 పట్టు (టైర్ల మీది బరువులో ఇంత వంతు జారకుండా ఆపే బలం) కావాలి. ముక్కు పైకి ఉంటే 0.34 చాలు. నాలుగు చక్రాలకూ బ్రేకు ఉంటే ఎటు నిలిపినా 0.27. విచిత్రంగా, ఖాళీ బండికి పరిస్థితి ఇంకా చెడ్డది. బరువు కేంద్రం అర మీటరు ఎత్తున ఉన్న ఖాళీ బండిని ముక్కు కిందికి పెట్టి వదిలితే 0.53 కావాలి. సరుకు దింపేసి, బ్రేకు వేసి, దిగి పక్కకు వెళ్లగానే బండి దానంతటదే కదలడానికి కారణమిదే. తడి గడ్డి మీద నునుపు టర్ఫ్ టైరుకు అంత పట్టు ఆశించకూడదు. కుదిరితే నాలుగు చక్రాల బ్రేకు పెట్టండి, కుదరకపోతే వాలు మీద ముక్కు పైకే నిలపాలని సీటు ముందు రాయండి, రెండు చక్రాల అడ్డుదిమ్మెలు బండికి తగిలించి ఇవ్వండి.

పార్కింగ్ బ్రేకు మోటారు షాఫ్టు మీద ఉండే ఎలక్ట్రిక్ బండ్లలో ఇంకో చిక్కు ఉంది. మధ్యలో ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంటే, ఒక చక్రం బురదలో ఉన్నప్పుడు రెండోది దానికి వ్యతిరేక దిశలో తిరిగిపోగలదు. షాఫ్టు బిగిసే ఉంటుంది, బండి మాత్రం జారిపోతుంది. చక్రాల దగ్గర కూడా బ్రేకు ఉండాలి, లేదా పార్కింగ్ వేసినప్పుడు డిఫరెన్షియల్ లాక్ (ఆ రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేటట్టు కలిపే బిగింపు) కూడా పడాలి.

చార్జింగ్ నిండుగా ఉన్న బ్యాటరీ, దిగుడులో బండిని ఆపుతూ మోటారు వెనక్కి పంపే కరెంటును తీసుకోలేదు. ఉదయాన్నే షెడ్డు నుంచి దిగువకు బయల్దేరే బండికి మోటారు బ్రేకింగ్ బలహీనంగా ఉంటుంది. ఆ దిగుడును మామూలు బ్రేకు ఒక్కటే ఆపగలగాలి.

డిఫరెన్షియల్ లాక్

4 మీటర్ల మలుపులో బయటి చక్రం 4.6 మీటర్ల వ్యాసార్ధంలో, లోపలిది 3.4లో తిరుగుతాయి. బయటిది 35 శాతం ఎక్కువ దూరం పోవాలి. లాక్ వేసి ఉంటే ఆ తేడా అంతా గడ్డిని చీల్చడంలోనే పోతుంది. కాలు తీయగానే విడిపోయే పెడల్ లాక్ పెట్టండి. చేత్తో వేసే మీట అయితే మరిచిపోతారు.

నీళ్లు దూరే చోట్లు

కనెక్టర్లు రబ్బరు సీలున్నవే వాడండి. వైరు కనెక్టర్‌లోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీటి బొట్టు అక్కడే రాలిపోతుంది. కంట్రోలర్‌ను సీటు కింద అడుగున కాక, వీలైనంత పైన నిలువుగా బిగించండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే ఒక రాత్రి విశ్రాంతి తర్వాత 48 వోల్టుల సెట్ నిండు చార్జింగ్‌లో దాదాపు 51 వోల్టులు చూపాలి. 48.4 అంటే సగమే. హైడ్రోమీటరు (బ్యాటరీ యాసిడ్ సాంద్రత చూపే పరికరం) రీడింగ్ సెల్లుకూ సెల్లుకూ 0.05 తేడా ఉంటే ఆ బ్యాటరీని వానలకు ముందే మార్చండి. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందు పోస్తే పొంగి ట్రేలో పడి ఫ్రేమును తినేస్తుంది.

బెల్టుతో నడిచే ఇంజన్ బండ్లలో బెల్టు డబ్బాకు గాలి పీల్చే గొట్టం సీటు ఎత్తుకు పోవాలి, డబ్బా అడుగున నీళ్లు వదిలే బిరడా ఉండాలి. తడిసిన బెల్టు జారుతుంది, మాడుతుంది. రేడియేటర్ జాలీకి అంటిన తడి గడ్డిని లోపల్నుంచి బయటికి గాలితో ఊదాలి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగుతాయి, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి.

హైడ్రాలిక్ గొట్టాలు ఎంత తక్కువైతే అంత మేలు. వేడి నూనె ఒక్క చుక్క పడినా గడ్డి మాడుతుంది, ‘మట్టిలో కలిసిపోయే’ నూనె అయినా సరే వేడికి మాడకుండా ఉండదు. తొట్టి ఎత్తడానికి ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ (మోటారుతో నెట్టే కడ్డీ) చాలు. పైకెత్తిన తొట్టి కిందికి చేయి పెట్టేముందు ఆసరా కడ్డీ వేయకుండా ఎవరూ దూరకూడదు.

ఎరువుల ఉప్పు, తడి కలిస్తే ఇనుము ఎక్కువకాలం నిలవదు. ఫ్రేము గొట్టాల అత్యంత దిగువన 8 మిల్లీమీటర్ల రంధ్రం వదలండి, లేదా రెండు చివరలా పూర్తిగా వెల్డ్ చేసి మూయండి. సగం మూసిన గొట్టం లోపల్నుంచే కుళ్లుతుంది. అల్యూమినియం తొట్టికి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగలకుండా నైలాన్ వాషర్ వేయండి.

వదిలేముందు తడి పరీక్ష

పక్కన పనికిరాని పచ్చిక ముక్క ఒకటి ఎంచుకుని సాయంత్రం బాగా తడిపి, మర్నాడు ఉదయం బండిని పరిమితి బరువుతో నడపండి. ఒకే దారిలో పదిసార్లు నేరుగా, తర్వాత 4 మీటర్ల మలుపులో అయిదుసార్లు. గాడి మీద సమమైన కర్రను అడ్డంగా పెట్టి లోతు కొలవండి. మలుపులో గడ్డి వేళ్లతో సహా లేచిందా చూడండి. ఆపైన వాలు మీద మనిషి ఎక్కకుండా, తాడు కట్టి, ఖాళీ బండిని ముక్కు కిందికి పార్కింగ్ బ్రేకుతో నిలిపి పది నిమిషాలు వదలండి. చివరగా పారే నీళ్ల గొట్టంతో అడుగుభాగం అయిదు నిమిషాలు తడిపి, కనెక్టర్లు విప్పి లోపల తడి ఉందేమో టార్చి వేసి చూడండి. ఒక్కదానిలో కనపడినా ఆ మోడల్ కనెక్టర్లన్నీ మార్చాల్సిందే.