కారు ఏసీ ఎక్కువ పెట్రోలు తాగకుండా ఎలా వాడాలి? సీమ ఎండలకు సరిపోయే పద్ధతి

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురం వైపు పగటి ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. మైలేజీ కోసమని ఆ వడగాలిలో అద్దాలు దించుకుని మూడు గంటలు బండి నడపొద్దు. డ్రైవరుకు నీరసం వచ్చి తల తిరిగితే చాలా ప్రమాదం. ఏసీ వేసుకోండి. ఎక్కడ ఎంత ఖర్చవుతుందో తెలిస్తే వేసుకుంటూనే పొదుపు చేయొచ్చు.

ముందు లెక్క

చల్లబరిచే గ్యాసును అదిమి పంపే ఏసీ కంప్రెసరును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. అందుకే ఏసీకి పోయే పెట్రోలును కిలోమీటర్లతో కాకుండా గంటలతో లెక్కేయాలి. ఒక చిన్న పెట్రోలు కారులో ఏసీకి గంటకు 0.4 లీటరు అదనంగా పడుతుందనుకుందాం. హైవే మీద 80 కి.మీ. వేగంలో లీటరుకు 18 ఇచ్చే బండి గంటలో 4.4 లీటర్లు తాగుతుంది. ఏసీతో 4.8 అవుతుంది, మైలేజీ 16.5కి దిగుతుంది. ఇప్పుడు అదే బండి ఊళ్లో ఆగుతూ సాగుతూ గంటకు 20 కి.మీ. పోయిందనుకోండి. ఏసీ లేకుండా 1.5 లీటర్లు, ఏసీతో 1.9 లీటర్లు. మైలేజీ 13.3 నుంచి 10.5కి పడిపోతుంది. హైవేలో పోయింది 8 శాతం, ఊళ్లో 20 శాతం పైనే.

కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏసీ వేసుకుని పోతే అదనంగా పట్టేది ముప్పావు లీటరు. దాని కోసం చెమటలు కక్కాల్సిన పనిలేదు. చూసుకోవాల్సింది కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో, కడప ఏడు రోడ్ల కూడలిలో, అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఇరుక్కున్నప్పుడు, ఇంకా ముఖ్యంగా బండి ఆపి ఇంజను ఆన్‌లోనే ఉంచి ఎవరికోసమో కాచుకున్నప్పుడు. నిలబడిన బండిలో ఏసీ నడిస్తే, ఇంజను తాగేదీ ఏసీ తాగేదీ కలిపి గంటకు లీటరు దాకా పోతుంది. అందులో ఒక్క కిలోమీటరు కూడా ముందుకు పోము.

1. ఎక్కకముందే వేడి బయటికి పంపండి

ఎండలో రెండు గంటలు నిలిపిన బండి లోపల వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. డ్యాష్‌బోర్డు, స్టీరింగు ఇంకా ఎక్కువ కాలుతుంటాయి. ఏసీ మొదటి పది నిమిషాల్లో పడే కష్టమంతా ఈ వేడిని లాగడానికే. వేప చెట్టో కానుగ చెట్టో నీడ దొరికితే వంద అడుగులు నడవాల్సి వచ్చినా అక్కడే ఆపండి. నీడ లేకపోతే ముందు అద్దానికి లోపలి నుంచి వెండిరంగు సన్‌షేడ్ పెట్టండి. ఎక్కేటప్పుడు ఎదురెదురు తలుపులు రెండూ అర నిమిషం తెరిచి ఉంచండి.

అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించి వేడి తగ్గించాలని చూడకండి. ముందు, వెనక అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలన్నది నిబంధన. నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది.

2. మొదటి రెండు నిమిషాలు

చల్లబడేదాకా బండి నిలబెట్టి ఏసీ నడపకండి. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు కంప్రెసరు కూడా నిదానంగానే తిరుగుతుంది, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరుకు ఎదురుగాలి తగలదు. చల్లదనం తక్కువ, ఖర్చు ఎక్కువ. స్టార్ట్ చేసి, నాలుగు అద్దాలు సగం దించి, బయటి గాలి వచ్చే పొజిషన్లో ఏసీ వేసి కదలండి. ఒకట్రెండు నిమిషాల్లో లోపలి వేడిగాలి పోయాక అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి. లోపల 27 డిగ్రీలున్న గాలినే మళ్లీ చల్లబరచడం, బయటి 42 డిగ్రీల గాలిని చల్లబరచడం కన్నా ఎంతో తేలిక.

నలుగురైదుగురు ఎక్కిన బండిలో మాత్రం అరగంటకోసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలి రానివ్వండి. మూసిన బండిలో కార్బన్ డయాక్సైడు పెరిగి డ్రైవరుకు మగత వస్తుంది.

3. నాబ్ ఎక్కడ పెట్టాలి

చాలామంది పొరబడేది ఇక్కడే. చేత్తో తిప్పే మామూలు ఏసీ ఉన్న బండ్లలో టెంపరేచర్ నాబ్‌ను నీలం నుంచి ఎరుపు వైపు కొంచెం తిప్పితే పెట్రోలు ఆదా కాదు. కంప్రెసరు ఎప్పటిలాగే గాలిని చల్లబరుస్తుంది, ఆ చల్లగాలిలో హీటరు వేడి కలుస్తుంది, అంతే. ఇలాంటి బండిలో నాబ్‌ను పూర్తిగా నీలం వైపే ఉంచి ఫ్యాను వేగం తగ్గించండి. గాలి తక్కువ పోతే, దాన్ని చల్లబరిచే ఇవాపరేటరు తొందరగా చల్లబడుతుంది, కంప్రెసరు దానంతటదే ఆగుతుంది. అది ఎంతసేపు ఆగితే మీకు అంత ఆదా. మొదట ఫ్యాను 3 మీదో 4 మీదో పెట్టి, చల్లబడ్డాక 1కో 2కో తగ్గించండి.

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉంటే 24 లేదా 25 పెట్టి వదిలేయండి. తొందరగా చల్లబడాలని 18 పెట్టడంలో అర్థం లేదు. పెద్ద వేడి ఉన్నప్పుడు ఎంత పెట్టినా అది గట్టిగానే పనిచేస్తుంది.

4. హైవే, ఘాట్, ఊరు

70, 80 దాటాక నాలుగు అద్దాలు దించితే గాలి బండిని వెనక్కి లాగుతుంది. ఆ వేగంలో అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే నయం. కర్నూలు నుంచి అనంతపురం పోయేది దక్షిణానికి. మధ్యాహ్నం తర్వాత బయలుదేరితే ఎండంతా కుడి పక్క, అంటే డ్రైవరు మీదే పడుతుంది. తెల్లారి 6కు బయలుదేరితే ఎండ ముదరకముందే చేరుకుంటారు. దారిలో మొదటి గంట ఫ్యాను గాలితోనే గడిచిపోతుంది కూడా. సీమలో ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది గనుక కోస్తాలో లాగా ఉక్కపోత పెట్టదు.

కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడి ముల్లును గమనిస్తుండండి. ముల్లు పైకి కదిలితే ఏసీ ఆపేయండి. దిగేటప్పుడు గేర్లోనే ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఇంజనుకు ఇంధనం ఆగిపోతుంది, చక్రాల ఊపే కంప్రెసరును తిప్పుతుంది. అప్పుడు వచ్చే చల్లదనానికి ఖర్చు లేదు. న్యూట్రల్లో దిగితే ఈ లాభం పోతుంది, బ్రేకుల మీద భారం పడి ప్రమాదం కూడా.

ఊళ్లో రెండు మూడు నిమిషాలకు మించి ఆగాల్సి వస్తే ఇంజను ఆపి దిగి నీడన నిలబడండి. మూసిన షెడ్డులో ఏసీ వేసుకుని బండిలో పడుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. పిల్లలను బండిలో వదిలి దిగడం కూడా అంతే ప్రమాదం.

ఇల్లు రెండు మూడు నిమిషాల దూరంలో ఉందనగా ఏసీ ఆపి ఫ్యాను మాత్రం ఉంచండి. మిగిలిన చల్లదనం సరిపోతుంది. ఇవాపరేటరు మీది తడి ఆరి ముక్క వాసన కూడా రాదు.

5. బండి వైపు చూడాల్సినవి

బేతంచెర్ల నాపరాయి గనుల దారిలో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పక్కన, అనంతపురం ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండికి దుమ్మే పెద్ద శత్రువు. రేడియేటరు ముందుండే కండెన్సరు రెక్కల మధ్య దుమ్ము, పురుగులు అతుక్కుంటే వేడి బయటికి పోదు. లోపల గ్యాస్ ఒత్తిడి పెరిగి కంప్రెసరుకు బరువు ఎక్కువవుతుంది. ఇంజను చల్లారాక మామూలు పైపు నీళ్లతో, వీలైతే లోపలి వైపు నుంచి బయటికి, నిదానంగా కడగండి. వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు చాలా బండ్లలో గ్లోవ్‌బాక్సు వెనక ఉంటుంది. 10,000 కి.మీ.కు మార్చండి, దుమ్ము దారుల్లో తిరిగితే ఇంకా ముందే. ఫ్యాను 4 మీద పెట్టినా గాలి సన్నగా వస్తుంటే మొదట చూడాల్సింది దాన్నే. హైవేలో బాగా చల్లబడి, సిగ్నల్ దగ్గర వెచ్చగాలి వస్తోందంటే కండెన్సరు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి.

గ్యాస్ విషయంలో మోసపోకండి. ఏసీ గ్యాస్ అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా కొంచెం టాపప్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. లీకు సరిచేశాక వ్యాక్యూమ్ పంపుతో అరగంట లాగి, బానెట్ కింద స్టిక్కరు మీద రాసి ఉన్న గ్రాముల ప్రకారం తూచి నింపించండి. ఏ రకం గ్యాసో కూడా ఆ స్టిక్కరు మీదే ఉంటుంది. చవకగా వస్తుందని వంటగ్యాసు లాంటిది నింపే చోట్లకు పోవద్దు, అది మండే గుణం ఉన్నది.

6. మీ బండి లెక్క మీరే తీయండి

మీటరు మీద కనిపించే మైలేజీని నమ్మకుండా ఫుల్ ట్యాంకు పద్ధతిలో చూడండి. బంకులో పెట్రోలు గన్ను దానంతటదే మొదటిసారి కట్టయ్యేదాకా నింపి ట్రిప్ మీటరు సున్నా చేయండి. కనీసం 300 కి.మీ. తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్టయ్యేదాకా నింపండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఏసీ వాడని చలికాలపు ట్యాంకు ఒకటి, మే నెల ట్యాంకు ఒకటి ఇలా తీయండి. రెండుసార్లూ టైర్ల గాలి, తిరిగే దారులు ఒకేలా ఉండాలి. తేడా హైవే తిరుగుడులో 10 శాతం లోపు, ఊరి తిరుగుడులో 20, 25 శాతం దాకా ఉంటే ఏసీ బాగున్నట్టే. అంతకు మించితే కండెన్సరు, దాని ఫ్యాను, గ్యాసు ఈ వరసలో చూపించండి.