గెనిజా ఉత్తరం చదవడం ఎలా
కైరో పాతబస్తీ ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా ప్రార్థనాలయం గెనిజాలో, అంటే పాత రాతలను పారేయకుండా దాచే గదిలో, దొరికిన యూదుల ఉత్తరాలంటే నాకు ప్రాణం. కొత్తగా చదివేవాళ్లు లిపి హీబ్రూ కాబట్టి భాష కూడా అదే అనుకోకండి. వ్యాపారుల ఉత్తరాలు చాలావరకు అరబిక్‌లో ఉంటాయి. ముందు కాగితం వెనక్కి తిప్పండి, చిరునామా ఉండేది అక్కడే. తేదీ సెల్యూసిడ్ శకంలో (అప్పటి యూదులు వాడిన పాత గ్రీకు కాలగణనలో) ఉంటే 312 తీసేయండి: 1450 అంటే క్రీ.శ. 1138 శరదృతువులో మొదలైన ఏడాది. దీవెనల వరుసలు త్వరగా దాటేయొచ్చు. అంచులు మాత్రం వదలకండి. చోటు చాలక పక్కన నిలువుగా, పైన తలకిందులుగా రాసేవాళ్లు. మిరియాల ధర, రావలసిన బాకీ, ఇంట్లో జబ్బు లాంటి అసలు సంగతులు నాకు తరచూ అక్కడే దొరుకుతాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ లైబ్రరీ స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితం. ఫొటోను తిప్పుకుంటూ, జూమ్ చేసి చదవండి.