కరెంటు కారా? ముందు సెల్లార్‌లోకి వెళ్లి చూడండి

మాది విజయవాడ పటమట, పని గుంటూరులో. రానూపోనూ రోజూ కరెంటు కారే. "కొనమంటావా బాబాయ్?" అని అడిగేవాళ్లకు ఒకటే చెప్తాను: షోరూమ్ తర్వాత, ముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ చూసుకోండి.

చార్జింగ్ కోసం మీ సొంత మీటరు నుంచి పార్కింగ్ దాకా లైను లాగి, 15 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోవాలి. అసోసియేషన్‌ను ముందే ఒప్పించండి. మాకు వైరు తక్కువే పట్టింది, మాటలే ఎక్కువ పట్టాయి. విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగ్ తప్పనిసరి. మొదట్లో నేను గోడకున్న పాత సాకెట్‌కే పెట్టేశాను. తెల్లారి చూస్తే ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడి, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. 15 ఆంపియర్ల సాకెట్‌తో గంటకు 3 యూనిట్లు ఎక్కుతాయనుకోండి. 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పది గంటలు, అంటే రాత్రంతా.

హైదరాబాద్ వెళ్లాలంటే 270 కిలోమీటర్ల పైమాటే. కంపెనీ చెప్పిన రేంజ్‌లో, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరంలో, మూడో వంతు తీసేసి లెక్కేసుకోండి. మే నెల ఎండలో ఏసీ లేకుండా ఎవరు కూర్చుంటారు? సూర్యాపేట చుట్టుపక్కల ఒకటి కాదు, రెండు చార్జర్లు చూసి పెట్టుకోండి. ఓసారి యాప్‌లో పచ్చగా కనిపించిన చార్జర్ దగ్గరికెళ్తే స్క్రీనే వెలగలేదు. ఆ రోజు మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఫాస్ట్ చార్జింగ్ 80 శాతం దాటితే నెమ్మదిస్తుంది, అక్కడితో తీసేసి బయల్దేరండి.

బ్యాటరీ వారంటీ చాలా కార్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అది మీ పేరుకు మారుతుందో లేదో కాగితం మీదే చూసుకోండి.