ఇగువానాకు ముందు ఎండ, తరువాత ఆకు

విజయనగరంలోని మా ఇంటికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది పంజరం ముందు ఆగి అడిగే మొదటి మాట, “ఇదేటి బాబూ, ఉడుమా?” అని. ఉడుము కాదు. ఉడుము మన నేలకు చెందిన మాంసాహారి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున దానిని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. పచ్చ ఇగువానా మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికా వరకు ఏటి ఒడ్డు చెట్ల కొమ్మల మీద బతికే బల్లి జాతి జీవి. గుడ్డు నుంచి బయటికి వచ్చిన నాటి నుంచీ ఆకులే దాని ఆహారం. ఆ మాట వినగానే అడిగినవారి ముఖంలో సందేహం తీరిపోతుంది, ఎందుకంటే ఆకులకు మన జిల్లాల్లో కరువు లేదు. నా అనుభవంలో మాత్రం ఆకు తేవడం సులువు, తిన్న ఆకు దాని ఒంటికి పట్టేలా చూడటమే కష్టం. ఆ పని చేసేవి వేడి, ఎండ.

తెచ్చుకునే ముందే రెండు విషయాలు తేల్చుకోవాలి. జానెడు పొడవున లేత చిలకపచ్చ రంగులో కనిపించే పిల్ల కొన్నేళ్లలో తోకతో కలిపి అయిదారు అడుగులకు పెరుగుతుంది, చక్కగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అంటే ఎనిమిదో తరగతి పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకున్నది అతని పెళ్లి నాటికి కూడా ఇంట్లోనే ఉండవచ్చు. రెండోది చట్టం. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో పచ్చ ఇగువానా ఉంది. 1972 నాటి మన చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో, ఆ ఒప్పందం కిందికి వచ్చే విదేశీ జంతువులను పెంచేవారు వాటిని నమోదు చేయించుకోవలసి వచ్చింది. అందుకు సంబంధించిన నియమాలు 2024 ఫిబ్రవరిలో వెలువడ్డాయి, దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ ద్వారా చేయాలి. అమ్మేవాడు కాగితాలు చూపకుండా “అవన్నీ ఎవరడుగుతారు సార్” అంటే అక్కడి నుంచి తిరిగి వచ్చేయడమే మేలు.

నేను చేసిన మొదటి తప్పు గాజు కిటికీ. పొద్దుటి ఎండ నేరుగా పడే తూర్పు కిటికీ అద్దం లోపలివైపు పంజరం పెట్టి, దానికి కావలసినంత ఎండ అందుతున్నదని నమ్మాను. నాలుగో నెలలో ఒక ఉదయం అది మందార పువ్వును అందుకోవడానికి ముందు కాలు ఎత్తినప్పుడు వేళ్లు సన్నగా వణికాయి. గడ్డం కింద చేయి వేసి చూస్తే గట్టిగా ఉండవలసిన దవడ ఎముక రబ్బరులా లొంగింది. పశువైద్యుడు పంజరం ఎక్కడ ఉందని అడిగి, సమాధానం వినగానే విషయం తేల్చేశారు. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మం మీద పడితేనే ఇగువానా శరీరం విటమిన్ డి3ని తయారు చేసుకుంటుంది, అది ఉంటేనే ఆకులోని కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది; మామూలు కిటికీ అద్దం వెలుతురును, వేడిని లోపలికి రానిచ్చి ఆ కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు శరీరం తనకు కావలసిన కాల్షియాన్ని ఎముకల నుంచే తోడుకుంటుంది. చికిత్సతో మాది కోలుకుంది గానీ, దాని కింది దవడ ఒక పక్కకు ఒరిగినట్టు ఇప్పటికీ కనిపిస్తుంది.

కాబట్టి ఎండ అంటే అద్దం అడ్డు లేని ఎండ. ఇనుప వలతో చేసిన చిన్న పంజరంలో ఉంచి, ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్యలో అరగంట, గంట పాటు డాబా మీదనో పెరట్లోనో పెట్టాలి. పంజరంలో సగం మీద నీడ ఉండేలా గోనెపట్టా కప్పడం మరిచిపోకూడదు, వేడెక్కినప్పుడు అది నీడలోకి జరగగలగాలి. గాజు పెట్టెను మాత్రం ఎండలో అసలు పెట్టకూడదు. కొద్ది నిమిషాల్లోనే లోపలి వేడి ప్రాణం తీసేంతగా పెరుగుతుంది. అరసవల్లి సూర్యనారాయణమూర్తి పొరుగున ఉన్నవాళ్లం, ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు ఎండకు లోటుండదు. ముసురు పట్టిన రోజుల కోసమే సరీసృపాలకు ప్రత్యేకంగా తయారయ్యే అతినీలలోహిత బి బల్బు కావాలి. సాధారణంగా దానిని కూర్చునే కొమ్మకు సుమారు అడుగు దూరంలో బిగించి, రోజుకు 10 నుంచి 12 గంటలు వెలిగించాలి, మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డుండకూడదు. బల్బు వెలుగుతున్నా అందులోని కిరణాల బలం తగ్గిపోతుంది కనుక, తయారీదారు చెప్పిన గడువును బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బులు ఈ పనికి రావు.

ఇక వేడి. ఇగువానా తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఆకులోని పీచును అరిగించేవి దాని పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు. ఒళ్లు చల్లబడితే అవి పని చేయవు, తిన్నది కడుపులోనే పులుస్తుంది. అందుకే పంజరంలో ఒక కొమ్మ మీద 35 నుంచి 38 డిగ్రీలు, కింది చల్లని మూలలో 27 డిగ్రీల చుట్టుపక్కల ఉండేలా చూసి, రెండు చోట్లా థర్మామీటర్లు తగిలించాలి. చేత్తో తాకి అంచనా వేయడం కుదరదు. వేడి బల్బుకు ఇనుప జాలి తొడగాలి. పంజరంలో పెట్టేందుకు అమ్మే, కరెంటుతో వేడెక్కే రాళ్లు కొనవద్దు, పొట్ట కాలుతున్నా ఇగువానా వాటి మీద నుంచి లేవకపోవచ్చు.

మన ప్రాంతంలో చిక్కు తెచ్చేవి మూడు కాలాలు. మే నెల మధ్యాహ్నాల్లో వేడి బల్బు ఆపేసి, గదిలో గాలి ఆడేలా చూడాలి. డిసెంబరు, జనవరి రాత్రులు, అందులోనూ ఏజెన్సీ వైపు, గది చల్లబడుతుంది. వెలుతురు లేకుండా వేడి మాత్రం ఇచ్చే సిరామిక్ హీటరుతో 23 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోవాలి, రాత్రంతా దీపం వెలిగితే దానికి నిద్ర ఉండదు. మూడోది తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అలాంటప్పుడు పంజరాన్ని ఇంటి నడిమి గదికి జరిపి, గాలికి చోటు వదిలి దుప్పటి కప్పి, వేడినీళ్లు నింపిన సీసాలను తువ్వాళ్లలో చుట్టి లోపల పెట్టాలి. ఒళ్లు వెచ్చబడే దారి లేనంతసేపు మేత పెట్టకపోవడమే మంచిది, ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఇగువానా రెండు రోజులు తినకపోయినా ప్రమాదం లేదు.

పంజరం పొడవు కంటే ఎత్తు ముఖ్యం. పెద్దదానికి కనీసం ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కావాలి. మేము వడ్రంగి చేత సరుగుడు కర్రలతో చట్రం కట్టించి, లోపల దాని పొట్టంత లావున్న జామ కొమ్మలను ఏటవాలుగా బిగించాము. కింద పాత వార్తాపత్రికలు పరిస్తే చాలు. ఇసుక, రంపపు పొట్టు నోట్లోకి పోతే పేగులకు అడ్డుపడతాయి.

మేతకు పెరడే అంగడి. ములగాకు, మందార ఆకులు, మల్బరీ ఆకు, ఆవాకు మార్చి మార్చి పెట్టాలి. ఒకే ఆకు ఎంత మంచిదైనా రోజూ అదే పెడితే లోటు వస్తుంది. ఆహారంలో కాల్షియం భాస్వరానికి రెండింతలు ఉండాలన్నది లెక్క, ములగాకుకు నేను పెద్దపీట వేసేది అందుకే. గిన్నెలో దాదాపు ఎనభై శాతం ఆకులు, మిగిలినదాంట్లో గుమ్మడి, సొర, బీర, బెండ వంటి కాయల తురుము, ఎప్పుడైనా ఒక బొప్పాయి ముక్క. ఇగువానా పళ్లు ఆకును కత్తిరిస్తాయే గాని నమలవు, ముక్కను అలాగే మింగేస్తుంది కనుక పిల్లలకు సన్నగా తరగాలి. ఉదయం ఆరున్నరకు దీపం వేసి, ఒళ్లు వెచ్చబడే వరకు ఆగి, ఎనిమిదిన్నరకు గిన్నె పెడతాను. మాది ముందు నాలుక కొనతో గిన్నె అంచును తాకుతుంది, తరువాత తల పక్కకు వాల్చి ఒక కంటితో చూస్తుంది, ఎర్ర మందార ఎక్కడుందో వెతికి దానిని మొదట లాగుతుంది. అందుకే పువ్వును అడుగున పెట్టి ఆకులను పైన వేస్తాను. రైతుబజారు ఆకుకు పురుగుమందు భయం ఉంది, రెండు మూడు సార్లు కడగాలి.

పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర విషాలు కావు, కానీ వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి గనుక రోజువారీ మేతగా పనికిరావు. క్యాబేజీ ఎక్కువైతే థైరాయిడ్‌కు ఇబ్బంది. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, చేమాకు దరిదాపుల్లో ఉండకూడదు. మా పిన్ని ప్రేమకొద్దీ ఒకసారి ఉడికించిన గుడ్డు పెట్టబోయింది. పెడితే అది తింటుంది కూడా, చిక్కు అక్కడే ఉంది. జంతు మాంసకృత్తులు రోజూ అందితే యూరిక్ ఆమ్లం పెరిగి మూత్రపిండాలు చెడతాయి. భాస్వరం లేని కాల్షియం పొడిని పిల్లలకు వారంలో నాలుగైదు సార్లు, పెద్దవాటికి ఒకటి రెండు సార్లు ఆకుల మీద చిటికెడు చల్లాలి.

నీరు గిన్నెలో ఎప్పుడూ ఉండాలి, అయినా ఎక్కువ తడి ఆకుల నుంచే వస్తుంది. ఆకును కడిగి దులపకుండా పెట్టండి. గాలిలో తేమ 70 శాతం దాకా కావాలి, ఆ విషయంలో మన కోస్తా ఉక్కపోత దానికి వరమే. ముక్కు చుట్టూ తెల్లని పొడి కనిపించి, తుమ్మినప్పుడు చుక్కలు ఎగిరితే కంగారు పడకండి, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది ముక్కులోని గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది.

తోక పట్టి ఎత్తితే తోక తెగి చేతిలోకి రావచ్చు, తిరిగి మొలిచేది పొట్టిగా, ముదురు రంగులో ఉంటుంది. పొట్ట కింద చేయి వేసి, నాలుగు కాళ్లకూ ఆధారం ఇచ్చి ఎత్తాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలను వంటింటి తొట్టిలో తోమకూడదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న ఇగువానా పేగుల్లో కూడా ఉండవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, ముసలివారు దానికి దూరంగా ఉండాలి.

ఆడది జత లేకుండానే గుడ్లు పెట్టగలదు. పొట్ట ఉబ్బి, మేత మాని, మూలలు గోకుతుంటే లోతైన తొట్టిలో తడి మట్టి, ఇసుక కలిపి పెట్టాలి. అప్పటికీ గుడ్లు రాక నీరసపడితే అదే రోజు వైద్యుని దగ్గరికి వెళ్లాలి. వణుకు, దవడ మెత్తబడటం, కాళ్ల వాపు, నోరు తెరిచి శ్వాస తీయడం కనిపించినా వైద్యుని దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చేయకూడదు. పశువైద్యులందరూ సరీసృపాలను చూడరు కనుక, చూసేవారెవరో జంతువును తెచ్చుకోకముందే విచారించి పెట్టుకోవాలి; గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడి నుంచి విచారణ మొదలుపెట్టవచ్చు. తీసుకువెళ్లేటప్పుడు పిల్లనైతే దిండు గలీబులో, పెద్దదాన్నైతే గాలి రంధ్రాలున్న పెట్టెలో ఉంచండి. చీకటిలో అది పెనుగులాడదు. వెంట ఆనాటి పెంట కొంచెం చిన్న డబ్బాలో, పంజరం ఫోటో ఒకటి ఫోనులో తీసుకువెళ్తే వైద్యునికి సగం పని తగ్గుతుంది.