మామిడి గుజ్జు పడ్డ బీరు చెడిందో లేదో తెలుసుకోవడం

ముందే ఒక మాట: తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. కింది పరీక్షలు అనుమతి ఉన్నచోట చేసేవాళ్లకు.

పండు వేసిన మొదటి నాలుగైదు రోజులు కంటిని నమ్మకండి. కొల్లాపూర్ మామిడి గుజ్జు పడగానే అణిగిపోయిన ఈస్టు (చక్కెర తిని బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) మళ్లీ లేస్తుంది. గుజ్జు పైకి తేలి, దాని మీద గోధుమరంగు నురగ, ఈస్టు ముద్దలు పేరుకుంటాయి. చూడ్డానికి వాంతిలా ఉన్నా అది మంచి పులియడమే.

అనుమానం వస్తే మూత తీయకుండా ఫర్మెంటర్‌ను, అంటే బీరు పులిసే డబ్బాను, మెల్లగా ఊపండి. నురగా ముద్దలూ అయితే విడిపోయి కొంత కిందికి దిగుతాయి. చెడిన తెట్టు కాచిన పాల మీది మీగడలా పలచగా, ముడతలు పడి ఉంటుంది. కింద పెద్ద బుడగలు చిక్కుకుని కనిపిస్తాయి. ఊపితే చినిగి, ఒకట్రెండు రోజుల్లో మళ్లీ అల్లుకుంటుంది. లోపల గాలి ఉంటేనే ఇది బాగా పెరుగుతుంది కాబట్టి మాటిమాటికి మూత తీసి చూడటమే చాలాసార్లు దానికి కారణం. నూగులా ఉండి, పచ్చగానో నల్లగానో గుండ్రటి మచ్చలు కడితే అది బూజు. తేలిన పండు ముక్కల మీద మొదలవుతుంది.

అన్నిటికన్నా తికమక పెట్టేది పులుపు. పొద్దున దింపిన తాటికల్లు తియ్యగా ఉండి సాయంత్రానికి ఎందుకు పులుస్తుందో తెలిసినవాళ్లకు ఇది తేలిక. పండు పులుపు వేసిన రోజే వచ్చి అక్కడే ఆగుతుంది, బ్యాక్టీరియా పులుపు రోజురోజుకీ పెరుగుతుంది. నల్గొండ బత్తాయి రసం పోస్తే మొదటి రోజే పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది) తగ్గుతుంది, దానికి భయపడొద్దు. అందుకే రసమైనా గుజ్జైనా కలిపిన రోజు, మూడో రోజు, ఏడో రోజు పీహెచ్ రాసిపెట్టండి. 4.2 ఉన్నది 4.1కి వస్తే మామూలే. వారంలో 3.7కి పడితే బ్యాక్టీరియా పనే.

గ్రావిటీ లెక్క కూడా వేయండి. నీళ్లను 1.000 అనుకుంటే బీరు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె ఇది, చక్కెర కలిస్తే పెరుగుతుంది, పులిసేకొద్దీ తగ్గుతుంది. 20 లీటర్ల బీరులో 15 శాతం చక్కెర ఉన్న 3 కిలోల గుజ్జు అంటే 450 గ్రాముల చక్కెర. 1.012 దగ్గర ఆగిన బీరు బాగా కలిశాక 1.018 దాకా లేచి, వారం పది రోజుల్లో పాత అంకె దగ్గరికో ఇంకాస్త కిందికో వస్తుంది. అక్కడ ఆగకుండా 1.004 కూడా దాటి దిగుతూనే, లవంగం వాసన వేస్తుంటే అడవి ఈస్టు (మనం వేయకుండా బయటినుంచి చేరేది) చేరిందని అనుమానించాలి. మన ఎండాకాలంలో ఇంకో మోసం ఉంది. 20 డిగ్రీలకు తయారైన హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే తేలుడు గొట్టం) 35 డిగ్రీల బీరులో 0.004 తక్కువ చూపిస్తుంది. శాంపిల్‌ను చల్లార్చి చూడండి, చూశాక తిరిగి పోయకండి.

వాసనల్లో వెనిగర్ ఘాటు ఒక్కటే దాదాపు ఖాయమైన గుర్తు. కుళ్లిన గుడ్డు వాసన ఈస్టుదే, ఎక్కువసార్లు దానంతట అదే పోతుంది. నెయిల్ పాలిష్ వాసన ఎండ వేడికి కూడా వస్తుంది. మహబూబ్‌నగర్ మే నెలలో డబ్బాను నీళ్ల టబ్బులో పెట్టి తడి గోనెసంచి చుట్టకపోతే ఏ సూక్ష్మజీవి చేరకపోయినా రావచ్చు. మందుపట్టీ వాసనకు నల్లా నీళ్లలోని క్లోరిన్‌ను ముందు అనుమానించండి.

బూజు పడితే పైపైన తీసేసి తాగడం వద్దు, దాని విషం కిందికి దిగి ఉండొచ్చు, మొత్తం పారబోయండి. తెట్టో పులుపో మాత్రమే అయి, రుచి నచ్చితే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయొచ్చు. గాజు సీసాల్లో మాత్రం నింపకండి. మిగిలిన చక్కెరను అడవి ఈస్టు తింటూనే ఉంటుంది, సీసా పేలుతుంది. తర్వాత కుళాయి, రబ్బరు వాషరు, గొట్టం మార్చేయండి. ప్లాస్టిక్ డబ్బా లోపల గీతలు పడి ఉంటే అది ఇక నీళ్లు పట్టుకోవడానికే.